రెండు గీతల రాయి

ఆ రాయి మీద నాకు ఇప్పటికీ కోపమే. రాయి మీద కోపమేమిటని మా కోడళ్లు నవ్వుతారు. నవ్వనీ. వీధి మొత్తం చూస్తుండగా పింగాణి పళ్లెం మీద బొటనవేలు పెట్టించి వాళ్లనెవరూ నిలబెట్టలేదు.

నేను చదివింది మూడో తరగతి, అదీ మరాఠీ బడిలో. రాయడం పిల్లలు పెద్దయ్యాక వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. అయినా జరిగింది జరిగినట్టు చెప్పడానికి చదువెందుకు? ఆ రోజు మా అత్త కట్టుకున్న చీర అంచు కూడా నాకు గుర్తుంది. ఆకుపచ్చ అంచు, ఒకచోట తెల్ల దారంతో కుట్టిన చిరుగు.

ఎనభైల నాటి మాట. అప్పట్లో ప్రాణహిత దాటాలంటే పడవే. సిరోంచలో ఊరు అయిపోయి వరి మళ్లు మొదలయ్యే చోట మా అత్తవారిల్లు. అంకిస నుంచి కోడలిగా వచ్చి అప్పటికి నాకు రెండేళ్లు. ఇంట్లో అత్త, బావ, యారాలు, మా ఇంటాయన, నేను. యారాలంటే మా బావ భార్య, నాకంటే ఐదేళ్లు ముందు ఆ ఇంటికి వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను అంకిసదానా అని పిలిచేది.

మా మామను నేను చూడలేదు. రాళ్లలో పాతకాలం జంతువుల ఎముకలు వెతికే ఆఫీసర్లు జీపు వేసుకొని మా వైపు వచ్చినప్పుడు ఆయన వాళ్ల వెంట గుంతలు తవ్వడానికి పోయేవాడట. ఒకసారి సున్నపురాయి పగులులో ఈ రాయి దొరికిందట. ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి, నువ్వే ఉంచుకో అని ఆఫీసర్ ఇచ్చేశాడట. ఆ పెద్దమనిషి దాన్ని పట్టుకుపోయి ఉంటే నా బతుకు ఇంకాస్త సుఖంగా గడిచేది.

రాయి చూడటానికి కొత్త సబ్బు బిళ్లంత ఉండేది. నీళ్లంత తేట. నిటారుగా ఉండదు, ఎవరో ఒక పక్కకు తోసినట్టు వాలి ఉంటుంది. నాలుగు మూలల్లో ఎదురెదురు మూలలు రెండు కోసుగా, మిగతా రెండు మొద్దుగా. దాని కింద ఏది పెట్టినా రెండుగా కనిపిస్తుంది. చీమ పోతే రెండు చీమలు పోతాయి. మామ దాన్ని పిల్లలకు చూపించి నవ్వించేవాడట. ఆయన పోయాక అత్త దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి దేవుని అర్రలో పెట్టింది. నవ్వు అక్కడితో అయిపోయింది.

ఎవరిదో కోడిపుంజు పోయిన రోజు ఈ పద్ధతి మొదలైందని చెప్పుకునేవారు. తెల్ల పింగాణి పళ్లెంలో కాటుకతో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక గీత గీస్తారు. అనుమానం ఉన్న మనిషి గీత చివర కుడి బొటనవేలు ఆనించి తన మాట చెప్పాలి. అప్పుడు అత్త గీత నడుమ రాయి పెడుతుంది. రాయిలో గీత ఒక్కటిగా కనిపిస్తే ఆ మనిషిది ఒకే మాట. రెండుగా కనిపిస్తే రెండు మాటలు, అంటే అబద్ధం.

ఆ రాయి అందరికీ రెండే చూపించి ఉంటే జనం నమ్మేవాళ్లు కాదు. కొందరికి ఒకటే చూపించేది. అదే దాని బలం. మా వీధిలో గొర్రె పోయినా, గేదె పాలు తగ్గినా అత్త వాకిట్లో నాలుగు జతల చెప్పులు కనిపించేవి. ఆమె నడుము కాస్త నిటారయ్యేది. మామ పోయాక ఆ ఇంట్లో ఆమె మాట చెల్లిందంటే అది ఆ రాయి వల్లే. అప్పుడు నాకు ఇది అర్థం కాలేదు, అర్థమైనా క్షమించేదాన్ని కాదు.

గొడవ విత్తనాల దగ్గర వచ్చింది. మా ఇంట్లో విత్తనపు వడ్లు గుమ్మిలో పోసేది అత్తే. గుమ్మి అంటే వెదురుతో అల్లి పేడతో మెత్తిన పెద్ద గాదె, మనిషి నడుము దాకా లోపలికి వంగితే కానీ అడుగు అందదు. పోసే ముందు లోపల ఊడ్చి, మళ్లీ పేడతో అలకాలి. ఆ ఏడు అత్తకు నడుము పట్టేసింది. వంగలేదు. మమ్మల్ని వంగనివ్వలేదు. విత్తనాల గుమ్మిలో పెద్దకోడలికే చెయ్యి పెట్టనివ్వదు, ఇక నాకెక్కడిది. అంతకు ముందు అదే గుమ్మిలో తిండికి ముతక వడ్లు పోసి ఉన్నాం. దాని పక్కనుంచి పోతూ లోపలికి తొంగి చూస్తే అడుగున పిడికెళ్ల కొద్దీ ముతక గింజలు కనిపించాయి. నోరు ఊరుకోలేదు.

"అత్తా, అడుగున ముతకయి ఉన్నయి. ఊడ్సినంక పోద్దాం" అన్నాను.

ఆమె గంప దించి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "నీకు ఎన్నేండ్లే? అన్నేండ్లు నేను నాట్లేసిన. నాకు ఇత్తనాల సంగతి జెప్తవా?"

"చెప్తలేను అత్తా, కనవడ్డది..."

"కండ్లు బాగనే ఉన్నయి. చేతులే పని చేస్తలేవు. పో, పేడ తీయి."

పక్కన నిలబడ్డ యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ముతక గింజల మీదనే సన్న వడ్లు పోసేశారు.

వానలు పడ్డాక వడ్లు నానబెట్టి, మొలకెత్తడానికి గోనెల్లో మండె కట్టి, మొలకలు నారుమడిలో చల్లారు. పదిహేను రోజులకు నారు లేచింది. చూస్తే పచ్చటి మడిలో అక్కడక్కడ అడుగున ఊదారంగు కాడలు. ముతక రకం. ఆ నారు నాటితే ఒకటి ముందు పండుతుంది, ఒకటి వెనక పండుతుంది, ఏదీ చేతికి సరిగా రాదు.

అత్త గట్టు మీద నిలబడి చూసింది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కొని అప్పుడన్నది.

"ఎండల్ల మీ అవ్వగారింటి నుంచి ముతక వడ్ల సంచి వచ్చింది గద. ఏమైనయి ఆ వడ్లు?"

"దంచినం, తిన్నం. నువ్వు గూడ తిన్నవు అత్తా."

"అన్ని తిన్నమా? ఓ రెండు శేర్లు మండెల కలిపినవా?"

నాకు మొదట నవ్వు వచ్చింది. "నేనెందుకు కలుపుత?"

యారాలు పొయ్యి దగ్గర నుంచి అందుకున్నది. "అంకిస బియ్యం గొప్పయి, అంకిస చేపలు గొప్పయి అంటది గద. ఇత్తులు గూడ గొప్పయే ఉంటయి. మన మళ్లల్ల వాళ్ల బాపు పంట పండియ్యాలని ఉన్నట్టున్నది."

ఆమె మాటకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గుమ్మి సంగతి అందరి ముందు పెట్టాను. అడుగు ఊడవకుండా పోసింది ఎవరో, ఊడవమని చెప్పింది ఎవరో గొంతెత్తి చెప్పాను. పక్కిళ్లవాళ్లు గోడల మీద నుంచి తొంగి చూశారు. అదీ నా తప్పు. నాలుగు గోడల నడుమ అని ఉంటే అత్త నన్ను తిట్టి ఊరుకునేదేమో. వీధి విన్నాక ఆమెకు రాయి తీయక తప్పలేదు.

ఆ సాయంత్రమే పళ్లెం తెచ్చారు. కాటుక గీత యారాలే గీసింది. నేను వేలు పెట్టి, "నేను ఇత్తులు కలపలేదు" అన్నాను. అత్త రాయి పెట్టింది. ఒంగి చూశాను. గీత రెండు. నల్లగా, పక్కపక్కన, బండి చక్రాల జాడలాగా స్పష్టంగా రెండు.

నిజం చెప్పి కూడా ఆ రెండు గీతలు చూశాక నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది. సంచి దులిపినప్పుడు గింజలేమైనా ఎగిరి పడ్డాయా అని. అంత పాడు రాయి అది.

"సూసిండ్లా?" అని అత్త అందరినీ అడిగింది. అందరూ చూశారు. అత్త నా వైపు తిరిగింది. "ఇగ నీ చేతి అన్నం ఈ ఇంట్ల ఎవ్వలు తినరు. నాట్లు మొదలు పెట్టిన్నాడు మీ బాపును పిలిపిస్త. వచ్చి తీస్కపోతడు. అబద్ధాల చెయ్యి నా మళ్ల నాటు వెయ్యొద్దు."

మా పద్ధతిలో మొదటి కట్ట నారు ఇంటి కోడళ్లే నాటాలి. ఆ రోజు కోడల్ని పుట్టింటికి పంపారంటే ఆమె ఆ ఇంటి మనిషి కాదని ఊరికి చెప్పినట్టే. మా వెనక వీధిలో ఒకామెను అలాగే పంపారు. మూడు పంటలు అయినా పిలుపు రాలేదు. నాకది తెలుసు, మా ఇంటాయనకూ తెలుసు.

ఆయన్ని అడిగాను. "నువ్వు నమ్ముతున్నవా?"

"నేనేం నమ్ముత. జర సప్పుడు జెయ్యకు. నాలుగు దినాలైతే అమ్మ మర్చిపోతది."

"మర్చిపోకపోతే?"

ఆయన గడ్డిమోపు ఎత్తుకొని వెళ్లిపోయాడు. ఈ మాట ఆయన చదివినా పరవాలేదు, నేను అప్పుడే మొహం మీద అన్నాను: అత్త మీద ఉన్న కోపం ఒక ఎత్తు, నీ మీద కోపం పది ఎత్తులు అని.

గొడ్ల కొట్టం చూరు కింద మూడు రాళ్లు పెట్టుకొని నా అన్నం నేను వండుకున్నాను. అన్నం వద్దన్నారు కానీ అంట్లు మాత్రం నావే. పేడా నాదే. మర్నాడు పొద్దున ఆ పళ్లెం, ఆ రాయి కూడా కడగమని యారాలు తెచ్చి ఉతుకుడు బండ మీద పడేసింది. "నీ అబద్ధం నువ్వే కడుక్కో" అన్నది.

వాన వెలిసి ఆకాశం తెల్లగా విప్పుకొని ఉంది. పళ్లెం ఒళ్లో పెట్టుకొని, చెయ్యి ఖాళీ కావడానికి రాయిని దాని మీదే పెట్టాను. కింద నిన్నటి గీత ఇంకా ఉంది. రెండు గీతలు. చూస్తే ఒళ్లు మండింది. వేలితో రాయిని ఒక పోటు పొడిచాను. అది పళ్లెం మీద జారి తిరిగింది. తిరుగుతుంటే గీతలు దగ్గరకు వచ్చాయి, ఇంకా దగ్గరకు వచ్చాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒక్కటై కూర్చున్నాయి.

పళ్లెం తోమడానికి తీసిన బూడిద చేతిలోనే ఉండిపోయింది. మళ్లీ తిప్పాను. విడిపోయాయి. మళ్లీ తిప్పాను. కలిశాయి. నేను అబద్ధం చెప్పినట్టు, చెప్పనట్టు, మళ్లీ చెప్పినట్టు.

కంటి కాటుక వేలికి తీసి పళ్లెం మీద ఒక చుక్క పెట్టాను. దాని మీద రాయి పెట్టి తిప్పితే రెండు చుక్కల్లో ఒకటి ఉన్నచోటే ఉంది. రెండోది గానుగెద్దులాగా దాని చుట్టూ తిరిగింది. అప్పుడు తెలిసింది. రాయి దేన్నైనా ఒక వైపుకే జరిపి రెండోసారి చూపిస్తుంది. ఆ జరిపేది మొద్దు మూల నుంచి మొద్దు మూలకు. మొద్దు మూలలు గీత వెంట ఉంటే జరిగిన గీత అసలు గీత మీదనే పడుతుంది, కాబట్టి ఒకటే కనిపిస్తుంది. మొద్దు మూలలు గీతకు అడ్డంగా ఉంటే పక్కకు పడుతుంది, రెండు కనిపిస్తాయి. మనిషి చెప్పిన మాటతో దానికి ఏ పనీ లేదు. పెట్టే చెయ్యి ఎలా పెడితే అలా.

కొట్టంలోకి పరుగెత్తాను. మా ఇంటాయన పలుపు పేనుతున్నాడు.

"ఒక్కసారి వచ్చి సూడు. రాయిల ఏం లేదు, తిప్పితే మారుతున్నది."

"రాయి సంగతి అమ్మకెరుక. నీకేం ఎరుక? ఇంకింత లొల్లి పెట్టకు."

తిరిగి వచ్చి బండ దగ్గర కూర్చున్నాను. రాయి చేతిలోకి తీసుకున్నానో లేదో అత్త దగ్గు గడప దాకా వచ్చింది. రాయి వేళ్ల నుంచి జారి బండ అంచు మీద పడింది.

దగ్గు ఆగి, లోపలికి వెళ్లిపోయింది. నేను కిందికి చూశాను. రాయి రెండు పలకలైంది.

అది పగిలిన తీరు కూడా మామూలు రాయిలా లేదు. ముక్కలు చెక్కలు కాలేదు. సబ్బు బిళ్లను దారంతో మందంలో సగానికి కోసినట్టు నున్నగా విడిపోయింది. రెండు పలకలూ పాత రాయిలాగే ఒక పక్కకు వాలి ఉన్నాయి. ఇప్పుడు నిజంగానే నా చేతిలో ఒక నేరం ఉంది. ఇత్తులు కలిపింది నేను కాదు కానీ, మామ తెచ్చిన రాయి పగలగొట్టింది నేనే.

దాచాలనే బుద్ధే ముందు పుట్టింది. ఒక పలక మీద ఒక పలక పెట్టాను. నడుమ వెండి రేకు దూర్చినట్టు తళతళ మెరుపు, చేప కడుపులాగా. పై నుంచి పోయిన వెలుతురు కింది దాకా పోకుండా ఆ అతుకు దగ్గరే వెనక్కి తిరిగి నా మొహాన కొడుతోంది. కింద గీత మసకబారింది. ఇంత మెరిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. నీళ్లు పోసి అతికించాను. మెరుపు తగ్గింది, కానీ నీళ్లు ఎంతసేపు ఉంటాయి? తలకు రాసుకునే ఆముదం సీసా చూరులో ఉంది. నాలుగు చుక్కలు వేసి పలకలు నొక్కాను. దీపం ఊదేసినట్టు మెరుపు పోయింది. అతుకు ఎక్కడుందో వెతికితే కానీ తెలియదు.

అమ్మయ్య అనుకొని కిందికి చూస్తే గీత ఒకటే ఉంది. రాయి మొత్తాన్ని తిప్పాను. ఒకటే. ఎటు తిప్పినా ఒకటే. విరిగిన రాయికి గుణం పోయిందనుకున్నాను. అప్పుడు పక్క నుంచి చూశాను. తొందరలో పై పలకను తిరగేసి పెట్టాను. కింది పలక కుడికి వాలితే పైది ఎడమకు వాలి, మోచెయ్యి మడిచినట్టు ఉంది. కింది పలక పక్కకు జరిపినదాన్ని పై పలక అంతే దూరం వెనక్కి జరిపి మళ్లీ కలిపేస్తోంది. పైదాన్ని మెల్లగా తిప్పుతూ పోయాను. మధ్యలో ఒకచోట కాటుక చుక్క నాలుగు చుక్కలైంది. రెండు ముదురు, రెండు లేత. ఇంకా తిప్పితే లేతవి ముదిరాయి, ముదురువి మాసిపోయాయి. రెండు పలకలూ ఒకే వైపు వాలేదాకా తిప్పితే మళ్లీ పాత రాయి, పాత రెండు చుక్కలు.

అలాగే అతికించి, ఎర్రగుడ్డలో చుట్టి యారాలి చేతికిచ్చాను. ఆమె గుడ్డ విప్పకుండానే దేవుని అర్రలో పెట్టింది. ఆ వారం రోజులూ నేను ఆముదం మీద నడిచినట్టు నడిచాను.

నాట్లు మొదలుపెట్టే రోజు వచ్చింది. అత్త బస్సు వాళ్లతో అంకిసకు కబురు పంపింది. పొద్దున బస్సుకు మా బాపు దిగాడు. చేతిలో గొడుగు, భుజాన కండువా. వసారాలో మంచం అంచున కూర్చున్నాడు. వీధిలో పెద్దమనిషిగా చెల్లే బట్టల దుకాణం సావుకారిని కూడా అత్త పిలిపించింది. గోడల మీద పక్కింటి ఆడవాళ్లు సరే సరి.

"నీ బిడ్డ ఏం జేసిందో నేను జెప్తె నువ్వు నమ్మవు. నీ కండ్లతోని సూడు" అని అత్త పళ్లెం నడుమ పెట్టింది. అప్పుడు కట్టుకొని ఉన్నదే ఆ ఆకుపచ్చ అంచు చీర.

ఆమె ఎర్రగుడ్డ విప్పి రాయి ఎత్తింది. ఆముదం పాడుగాను. పై పలక చేతిలో ఉండిపోయింది, కింది పలక జారి చాప మీద పడింది.

అత్త అరుపుకు కొట్టంలో గొడ్లు బెదిరాయి.

"నా మొగుడు తెచ్చిన రాయి! పలగ్గొట్టింది! ఇల్లు పలగ్గొట్టింది, రాయి పలగ్గొట్టింది!"

"నేను జెప్పలే?" యారాలు గోడ మీది ఆడవాళ్ల వైపు తిరిగింది. "దీని చెయ్యే అసొంటిది."

బాపు లేచి నిలబడ్డాడు. "బిడ్డా, నువ్వేనా?"

అప్పుడు నాకెలా తోచిందో ఇప్పటికీ చెప్పలేను. "నేనే బాపూ. బండ మీద జారి పడ్డది, నేనే పలగ్గొట్టిన" అని, వెళ్లి పళ్లెం ముందు కూర్చున్నాను. గీత చివర బొటనవేలు పెట్టాను.

"అత్తా, ఇందరి ముందట జెప్తున్న. రాయి నేనే పలగ్గొట్టిన. ఇది నిజమా, అబద్ధమా? పెట్టు నీ రాయి."

ఆమెకు ఆ కోపంలో నా ఎత్తు తెలియలేదు. చేతిలో ఉన్న పలకను మొన్న నాకు పెట్టిన తీరులోనే ఠపీమని పెట్టింది. సావుకారి కళ్లద్దాలు సర్దుకొని ఒంగాడు.

"రెండు" అన్నాడు. తర్వాత తనే తల గోక్కున్నాడు. "అరె బాప్‌రే. పలగ్గొట్టలేదంటున్నది గీ రాయి. మరి ఎవలు పలగ్గొట్టిండ్లు?"

గోడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

నేను ఆగలేదు. పలకను పావు వంతు తిప్పాను. "ఇప్పుడు సూడుండ్లి." గీత ఒకటైంది. చాప మీది పలక తీసి, కొంగుతో తుడిచి, తిరగేసి దీని మీద పెట్టాను. "ఇప్పుడు ఎటు తిప్పినా ఒకటే. ఇప్పుడు లోకంల అబద్ధమే లేదు." సావుకారి స్వయంగా తిప్పి చూశాడు. పై పలకను కొంచెం పక్కకు తిప్పి, పళ్లెం మీద కాటుక చుక్క పెట్టాను. "లెక్కవెట్టు సేటూ."

"నాలుగు."

"నాయి నాలుగు మాటలా? నేను ఒక్కటే మాట జెప్పిన గద."

బాపు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో నేను చూడలేదు. మా ఇంటాయన గుమ్మం దగ్గర నిలబడి పళ్లెం వైపే చూస్తున్నాడు. వారం కింద పిలిస్తే రాని మనిషి.

అత్త నా చేతిలోంచి ఒక పలక లాక్కున్నది. పళ్లెం మీద పెట్టి తనే తిప్పింది. ఒకటి, రెండు, ఒకటి. మళ్లీ తిప్పింది. నేను ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను, దొంగ దొరికిందని. కానీ అది దొరికిపోయిన దొంగ మొహం కాదు. ఆమె నిజంగానే మొదటిసారి చూస్తున్నది. అన్నేళ్లు, తనకు నచ్చినవాళ్లకు ఒక తీరుగా, నచ్చనివాళ్లకు ఒక తీరుగా రాయి పెట్టింది ఆమె చెయ్యి. చేతికి తెలుసు. ఆమెకు తెలియదు. ఇది నాకు అప్పుడే అర్థమైంది, అయినా జాలి కలగలేదు. లేని జాలిని ఇప్పుడు కాగితం మీద పెట్టలేను.

"నువ్వు పలగ్గొట్టినంకనే గిట్లయింది" అన్నది చివరికి. "అంతకుముందు మంచిగనే చెప్పేది. నువ్వే పాడు చేసినవు."

"సరే అత్తా. పాడైన రాయే అనుకుందాం." పళ్లెం ఆమె ముందుకు జరిపాను. "నువ్వే వేలు పెట్టు. ఇత్తులు పొయ్యకముందు గుమ్మి ఊడ్సినవో లేదో జెప్పు. గీత నేను సూడ, రాయి గూడ పెట్ట. వేలు పెట్టి నోటితోని జెప్పు, సాలు. ఊడ్సిన అంటె ఇప్పుడే బాపు ఎంబడి బస్సెక్కుత. మళ్ల ఈ గడప తొక్క."

ఇది నేను ఆలోచించి పెట్టిన పందెం కాదు. మాట బయటికి వచ్చాక భయమేసింది. ఆమె ఊడ్సిన అని ఒక్క మాట అంటే చాలు. అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. యారాలికి తెలుసు, కానీ ఆమె నా వైపు చెప్పే మనిషి కాదు. బాపు గొడుగు చేతిలోకి తీసుకున్నాడు కూడా.

అత్త చెయ్యి ముందుకు వచ్చింది. బొటనవేలు పళ్లెం అంచు దాకా వచ్చింది. ఆ గోరు కింద ఎండిన పేడ గీత నాకు కనిపించింది. వేలు అక్కడే ఆగింది. ఆ పళ్లెం మీద ఇతరుల వేళ్లు ఎన్ని పెట్టించిందో, తన వేలు పెట్టాల్సి వస్తుందని ఒక్కనాడూ అనుకొని ఉండదు. రాయి మీద నమ్మకం పోయినా, ఆ పళ్లెం మీద వేలు పెట్టి అబద్ధం చెప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. అంత మటుకు ఆమెకు నేను దండం పెడతాను.

చెయ్యి వెనక్కి తీసుకొని కొంగులో పెట్టుకున్నది. "నడుము నొప్పి" అన్నది. అంతే. ఎవరి వైపూ చూడలేదు. ఒక పలక మాత్రం పిడికిట్లో పట్టుకొని దేవుని అర్రలోకి వెళ్లిపోయింది.

సావుకారి లేచి పంచె దులుపుకున్నాడు. "నారు ముదురుతున్నది. ఊదా కాడలు ఏరిపారేసి నాటుకోండ్రి. ఇంట్ల రెండు చేతులు తక్కువ జేస్కునే దినాలు గావు ఇవి." పోతూ గుమ్మం దగ్గర ఆగి, "మా దుకాణంల పోయిన బట్టల తాను సంగతి గూడ గీ రాయే చెప్పింది గద. పాపం, ఆ పనిమనిషిని ఊకెనే ఎళ్లగొట్టిన" అని గొణుక్కున్నాడు.

బాపు మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్లాడు. "అన్నం తినిపో బాపూ" అంటే నా మూడు రాళ్ల పొయ్యి చూసి, "నీ చేతిది తింట గని, ఇక్కడ తినబుద్ధైతలేదు బిడ్డా" అన్నాడు. ఆ మాట అత్తకు వినపడేలాగే అన్నాడు.

నేను మడిలోకి దిగాను. యారాలు ఒక పక్క, నేను ఒక పక్క, ఊదారంగు కాడలు ఏరి గట్టు మీదికి విసురుతూ నాటాం. చాలాసేపటికి ఆమె తల ఎత్తకుండానే, "నాకు ఎర్కనే, గుమ్మి ఊడ్వలేదని" అన్నది.

"ఎర్కై గూడ ఊకున్నవా?"

"నోరు తెరిస్తె నీ తర్వాత వంతు నాదే గద."

ఆమె గొప్పగా చెప్పుకున్న మాట కాదది, క్షమించమని అడిగిందీ కాదు. నేను నారుకట్ట తీసి ఆమె ముందుకు విసిరాను, బురద ఆమె మొహం మీద చిందేలాగా. ఆమె తుడుచుకొని నాటు వేసింది.

ఆ తర్వాత మా వాకిట్లోకి పంచాయితీ కోసం ఎవరూ రాలేదు. గోడల మీద చూసిన ఆడవాళ్లే ఊరంతా చెప్పారు. కొందరు ఆడవాళ్లు నన్ను చూసి నవ్వేవారు. కొందరు, రాయి వల్ల నష్టపోయినవాళ్లు, నవ్వేవారు కాదు, ఆగి చెయ్యి పట్టుకునేవారు. ఒకామె అయితే మా ఇంటి ముందు నిలబడి అత్తను పేరు పెట్టి తిట్టి పోయింది. అత్త తలుపు వేసుకుంది. ఆమె నడుము మళ్లీ నిటారు కాలేదు.

మా ఇంటాయన ఆ వారమే నా మూడు రాళ్ల పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చొని, కంచం పెట్టమన్నాడు. నేను వెంటనే పెట్టలేదు. నా పలక తెచ్చి, నేలమీద బొగ్గుతో గీత గీసి, తిప్పి చూడమన్నాను. చూశాడు. ఒకటి, రెండు, ఒకటి. "ఆనాడే రావాల్సింది" అన్నాడు. అప్పుడు పెట్టాను.

మూడు రాళ్ల పొయ్యి మెల్లగా మట్టి పొయ్యి అయింది, చూరు కింద గోడ లేచింది, అదే మా ఇల్లయింది. అత్త బతికినన్నాళ్లు ఒకే వాకిట్లో రెండు పొయ్యిల పొగ లేచింది. పండుగలకు ఆమె చేసిన పిండివంట మా పిల్లల చేతికి ఇచ్చేది, నాకు ఇచ్చేది కాదు. ఆమె పోయాక దేవుని అర్రలో ఎర్రగుడ్డ విప్పితే ఆ పలక అలాగే ఉంది, అంచుకు ఆముదం జిడ్డు కూడా పోలేదు. అదీ నా దగ్గరే ఉంది ఇప్పుడు. నాది బియ్యం డబ్బాలో, ఆమెది అల్మారాలో. రెండూ కలిపి పెట్టి చూపించమని మనవరాళ్లు అడుగుతారు. విడివిడిగా చూపిస్తాను.

చివరి ఏడాది మంచాన పడ్డప్పుడు కూడా అత్త నా చేతి అన్నం తినలేదు. యారాలే వండి తినిపించింది. ఆమె తిన్నదా లేదా అని నేను గుమ్మం దగ్గర నిలబడి అడిగి పోయేదాన్ని. ఆమె నన్ను పెట్టమనలేదు. నేనూ పెట్టలేదు.